అల్లికల, కుట్టుపని చార్టుల పుస్తకాలను పీడీఎఫ్‌లుగా అమ్మిన పది నెలలు: నా అనుభవం

జనవరి 6న మొదలుపెట్టినప్పుడు నెల రోజుల పని అనుకున్నాను. ముద్రణ ఫైళ్లు మా దగ్గరే ఉన్నాయి, పీడీఎఫ్ చేసి పెట్టడమే కదా అని. మొదటి కాపీ అమ్ముడుపోయింది ఏప్రిల్ 14న. రచయితలకు మొదటి రాయల్టీ అందింది ఆగస్టు 20న. మధ్యలో నిద్ర పట్టని రాత్రులు చాలానే ఉన్నాయి.

మాది ఇద్దరు మనుషులు నడిపే ప్రచురణ సంస్థ. నేను, మా వదిన. క్రోషే (కొక్కెం సూదితో చేసే అల్లిక), ఎంబ్రాయిడరీ, క్రాస్ స్టిచ్ (గడుల లెక్కన వేసే ఇంటూ గుర్తు కుట్లు), ఒక బట్టలు కుట్టే పుస్తకం, అన్నీ కలిపి 9 పుస్తకాలు, 6 మంది రచయితలు. చార్టు అంటే ఎక్కడ ఏ కుట్టు వేయాలో చూపించే పటం. అచ్చు కాపీలు అయిపోతున్నాయి, మళ్లీ వేయించడానికి డబ్బు లేదు. పాఠకులేమో "పీడీఎఫ్ ఉందా?" అని వారానికోసారైనా అడుగుతున్నారు.

మొదటి దెబ్బ పాత అగ్రిమెంట్లు తీసి చదివినప్పుడే తగిలింది. అన్నిట్లోనూ ఒకే వాక్యం: "పుస్తక రూపంలో ముద్రించి అమ్ముకునే హక్కు ప్రచురణకర్తది." పీడీఎఫ్ కూడా పుస్తకమే కదా అని నేను. "అలా ఎక్కడ రాసుంది?" అని వదిన. రెండు రోజులు వాదించుకున్నాం. తీరా వెతికితే ఇదే గొడవ 2001లోనే న్యూయార్క్ ఫెడరల్ కోర్టు దాకా వెళ్లిందని తెలిసింది. రాండమ్ హౌస్ అనే పెద్ద ప్రచురణ సంస్థకూ, రోసెట్టా బుక్స్ అనే ఈబుక్ సంస్థకూ మధ్య కేసు. పుస్తక రూపంలో వేసుకునే హక్కు ఇచ్చినంత మాత్రాన ఈబుక్ హక్కు కూడా ఇచ్చినట్టు కాదని జడ్జి అన్నారు, మరుసటి ఏడాది అప్పీలు కోర్టూ ఆ ఉత్తర్వును మార్చలేదు. అన్ని దేశాల్లోనూ ఆ తీర్పు చెల్లదు నిజమే. కానీ అది చదివాక అడక్కుండా ముందుకెళ్లే ధైర్యం నాకు లేకపోయింది. వదిన గెలిచింది.

జనవరి 12న ఆరుగురికీ ఉత్తరాలు పంపాం. ఒకరు రెండో రోజే సంతకం చేసి పంపేశారు, చదివినట్టు కూడా లేదు. ఇద్దరు వారంలోపు. ఒక రచయిత్రి చనిపోయి నాలుగేళ్లయింది. ఆ సంగతి మాకు ఉత్తరం తిరిగొచ్చాకే తెలిసింది, సిగ్గేసింది. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం రచయిత పోయాక కనీసం 50 ఏళ్లు హక్కు ఉంటుంది, వారసులు ఇద్దరు, అంటే ఇద్దరి సంతకాలు కావాలి, ఇద్దరికీ విడివిడిగా డబ్బు పంపాలి. ఆ ఇద్దరికీ మాటల్లేవు. మేమే మధ్యవర్తులమయ్యాం. 71 రోజులు పట్టింది, మార్చి 24న రెండో సంతకం వచ్చింది.

ఐదో రచయిత్రి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. క్రాస్ స్టిచ్ పుస్తకాలు రెండు ఆవిడవే. వయసు 68. నేను పిన్నిగారూ అని పిలుస్తాను. అచ్చు పుస్తకం మీద వెలలో 10 శాతం ఇచ్చేవాళ్లం. డిజిటల్‌కి 'నికర ఆదాయంలో 25 శాతం' అని రాసి, ఎంత ఉదారంగా ఇస్తున్నామో అని నాలో నేనే మురిసిపోయాను. పెద్ద ప్రచురణ సంస్థలు ఈబుక్కులకు మామూలుగా ఇచ్చేది కూడా అంతే. ఆవిడ ఫోన్ చేశారు.

"అమ్మాయ్, నికరం అంటే ఏ నికరం? ఏమేం తీసేశాక?"

నా దగ్గర జవాబు లేదు. ఫోన్లోనే లెక్క వేయించారు. వెల 100 అనుకో. అమ్మే వేదిక 30 తీసుకుంటుందనుకో, మిగిలేది 70. అందులో 25 శాతం అంటే పదిహేడున్నర. బాగానే ఉంది. ఇప్పుడు నువ్వు పండక్కో, పుట్టినరోజుకో సగం ధరకు ఆఫర్ పెట్టావనుకో. 50లో 15 పోతే 35. నా వాటా ఎనిమిది ముప్పావు. అచ్చు పుస్తకానికి నాకు 10 వచ్చేది కదా. కాగితం లేదు, ప్రెస్సు లేదు, గోడౌన్ లేదు, నా వాటా మాత్రం తగ్గిందేం?

నేను ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. అప్పటిదాకా నా భయమంతా దొంగ కాపీల మీదే. రాయల్టీ కాపాడడమంటే ఫైలుకు తాళం వేయడమే అనుకున్నాను. కన్నం నా ఎక్సెల్ షీట్‌లోనే ఉందని ఆవిడ చూపించారు.

మూడు వారాలు బేరాలాడాక కుదిరింది ఇది. నికరంలో 50 శాతం. నికరం అంటే పన్ను, వేదిక కమిషన్, పేమెంట్ చార్జీ తీసేశాక మిగిలింది, అంతే. ప్రకటనల ఖర్చు, ఫైళ్లు తయారుచేసిన ఖర్చు, నా జీతం అందులోంచి కోయకూడదు. 30 శాతం మించి తగ్గింపు ఇవ్వాలంటే రచయితను అడగాలి. కొన్ని పుస్తకాలు కలిపి కట్టగా అమ్మితే విడి ధరల నిష్పత్తిలో పంచాలి. ఉచిత కాపీలు ఏడాదికి పుస్తకానికి 20 దాటకూడదు. ఏడాదికోసారి రచయిత అడిగితే అమ్మకాల పట్టీ మొత్తం చూపించాలి. పిన్నిగారితో కుదిరిందే మిగతా వాళ్లకీ ఇచ్చాం. ముందే సంతకం చేసేసిన ఆయనకు కొత్త కాగితం పంపితే, "ఎక్కువిస్తామంటున్నారా?" అని రెండుసార్లు అడిగారు.

ఆరో రచయిత నుంచి ఈ రోజుకీ జవాబు లేదు. ఆ పుస్తకం అచ్చులోనే ఉంది, పీడీఎఫ్‌గా అమ్మలేదు.

రచయితలు ఒప్పుకున్నాక కూడా అయిపోలేదు. ఫోటోలు తీసినాయనతో మా ఒప్పందం ముద్రణకే, ఆయనకు మళ్లీ డబ్బు కట్టాం. చార్టుల్లో గుర్తులకు వాడిన ఫాంటు లైసెన్సు కూడా ముద్రణకే. ఈబుక్‌లో పెట్టాలంటే విడిగా కొనాలి, అది మొత్తం బడ్జెట్‌లో ఆరో వంతు. కొనలేక గుర్తులన్నీ వేరే ఫాంటులోకి మార్చుకున్నాం. దీనికి పట్టిన 11 రోజులు ఏ ప్లానులోనూ లేవు.

ఫైళ్ల తయారీ ఫిబ్రవరిలో మొదలై ఏప్రిల్ దాకా సాగింది. ముందు ఈపబ్ అనే ఈబుక్ ఫైలు రకంలో చేశాం. నవలకైతే అది బాగుంటుంది, స్క్రీన్‌ను బట్టి అక్షరాలు సర్దుకుంటాయి. క్రోషే పుస్తకంలో మాత్రం 14వ వరుస సూచన ఒక పేజీలో, దాని బొమ్మ మూడు పేజీల అవతల తేలింది. చార్టులున్న పుస్తకాలన్నీ పీడీఎఫ్‌కే మార్చేశాం. క్రాస్ స్టిచ్‌కి ఇంకో చిక్కు. అచ్చులో రంగు గడులతో చక్కగా కనిపించే చార్టులో, ఫోన్ మీద డీఎంసీ కంపెనీ దారాల్లో 310 నంబరు నలుపుకీ 939 నంబరు ముదురు నీలానికీ తేడా తెలియలేదు. ప్రతి గడిలో గుర్తు పెట్టి, రంగుతో ఒకటి, నలుపు తెలుపులో ఒకటి, రెండు రకాలుగా చేశాం. ఇంకో సంగతి, ఇప్పుడు చాలామంది ప్యాటర్న్ కీపర్ లాంటి యాప్‌లో చార్టు తెరిచి, కుట్టిన గడిని కుట్టినట్టు గుర్తు పెట్టుకుంటూ పోతారు. గడిలోని గుర్తు ఫాంటు అక్షరంగా ఉంటేనే యాప్ దాన్ని పోల్చుకుంటుంది. స్కాన్ చేసిన బొమ్మైతే పనికిరాదు. పాత పుస్తకాలను స్కాన్ చేసి పెట్టేద్దామనుకుంటున్న వాళ్లు ఇది గుర్తుంచుకోండి.

బట్టలు కుట్టే పుస్తకంలో గుడ్డ కోసుకోవడానికి వాడే మూసలు ఏ4 పేజీల మీద ముక్కలుగా వస్తాయి, ప్రింట్ తీసి అతికించుకోవాలి. మొదటి పేజీలో 5 సెంటీమీటర్ల చదరం ఒకటి వేశాం, ప్రింట్ తీశాక స్కేలు పెట్టి కొలుచుకోమని. పరీక్షించిన ఒకావిడ ఆ వాక్యం చదవలేదు. ప్రింటర్‌లో 'ఫిట్ టు పేజ్' ఆన్‌లో ఉంది. గుడ్డ కోసి, కుట్టి, తొడుక్కోబోతే ఛాతీ దగ్గర పట్టలేదు. అప్పుడు చదరం కొలిస్తే 4.7. ఆరు శాతం తగ్గిందన్నమాట. 92 సెంటీమీటర్లు ఉండాల్సింది ఎనభై ఆరున్నరకు దిగింది. ఆవిడ పాడైన గుడ్డ ఫోటో పంపారు, కోపం లేదు గానీ నాకే కడుపులో దేవింది. ఇప్పుడా చదరం పక్కన ఎర్రటి అక్షరాలున్నాయి, అమెరికా వాళ్ల లెటర్ సైజుకు వేరే ఫైలు కూడా ఇస్తున్నాం.

ఏప్రిల్ 14న మా సొంత స్టోర్ తెరిచాం, ఫైళ్లకు డీఆర్ఎం తాళం (కాపీ చేసి పంచుకోకుండా అడ్డుకునే ఏర్పాటు) వేసి. మూడు వారాల్లో 41 కాపీలు అమ్ముడయ్యాయి, 19 ఫిర్యాదులు వచ్చాయి. తెరుచుకోవడం లేదని కొందరు, ప్రింట్ రావడం లేదని కొందరు, టాబ్లెట్ మార్చాక పోయిందని ఒకరు. చార్టు యాప్ వాడేవాళ్లకైతే అస్సలు పనిచేయలేదు. 7 రీఫండ్‌లు ఇచ్చాం. ఒక్కో రీఫండ్‌లో సగం రచయితదే. దొంగల్ని ఆపడానికి వేసిన తాళం డబ్బిచ్చి కొన్నవాళ్లనే బయట నిలబెట్టింది. నాకు తాళం తీయాలంటే భయం, వదినకు ఉంచాలంటే భయం. మే 5న తీసేశాం.

దాని బదులు ప్రతి పేజీ అడుగున కొన్నవాళ్ల పేరు, ఆర్డర్ నంబరు చిన్న అక్షరాల్లో పడేలా చేశాం. మొదట ఈమెయిల్ కూడా వేశాం. ఒక టీచరమ్మ, "క్లాసులో ప్రింట్ పట్టుకుని తిరుగుతాను, నా మెయిల్ అందరికీ ఎందుకు?" అని అడిగేసరికి తీసేశాం. నిజమే కదా.

వేరే చోట్ల కూడా పెట్టాం. చేతిపనులు అమ్మే వెబ్‌సైటు ఎట్సీలో ఒక్కో లిస్టింగుకు 5 ఫైళ్లు, ఫైలుకు 20 ఎంబీ హద్దు. మా 64 ఎంబీ పుస్తకాన్ని నాలుగు ముక్కలు చేయాల్సి వచ్చింది. అక్కడ అందరికీ ఒకే ఫైలు వెళ్తుంది, పేరు వేయడానికి వీల్లేదు, అందుకని చిన్న ప్యాటర్న్‌లు (విడి డిజైన్లు) మాత్రమే ఉంచాం. అమెజాన్ వాళ్ల ఈబుక్ వేదిక కిండిల్‌లో మనకిచ్చే వాటా 70 శాతం, 35 శాతం అని రెండు దారులు. 70 శాతం దారిలో ఫైలు బరువును బట్టి ఎంబీకి ఇంత అని డెలివరీ ఖర్చు పోతుంది. బొమ్మలు లేని నవలకు అది లెక్కలోకి రాదు గానీ, ఫోటోలతో నిండిన అల్లికల పుస్తకానికి ఆ కోత పోగా మిగిలేది 35 శాతం దారిలో వచ్చే దానికంటే తక్కువని తేలింది. బొమ్మలు తక్కువున్న రెండు క్రోషే పుస్తకాలు మాత్రం అక్కడ పెట్టాం. పాఠకులు చందా కట్టి చదువుకునే కిండిల్ అన్‌లిమిటెడ్‌లో చేర్చమని ఒకరు సలహా ఇచ్చారు. అక్కడ మొదటిసారి చదివిన పేజీలకే డబ్బు లెక్క. మా పాఠకులు ఒకే చార్టు ముందు నెలన్నర కూర్చునే రకం. పైగా 90 రోజులపాటు డిజిటల్ కాపీ ఇంకెక్కడా అమ్మకూడదు. వద్దనుకున్నాం.

క్రోషేలో ఇంకో తలనొప్పి. అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అనేదాన్ని బ్రిటన్ వాళ్లు డబుల్ క్రోషే అంటారు. అచ్చు పుస్తకంలో ముందుమాటలో ఒక ముక్క రాస్తే సరిపోయేది. పీడీఎఫ్ కొన్నవాళ్లు ముందుమాట చదవరు. నేరుగా ప్యాటర్న్‌కి వెళ్లిపోయి, అల్లింది రెట్టింపు ఎత్తు వచ్చిందని రీఫండ్ అడుగుతారు. ఇప్పుడు ప్రతి ప్యాటర్న్ పైనా ఏ దేశపు పదాలో రాస్తున్నాం.

జూన్ 11న భయపడినంతా అయింది. ఒక ఫైల్ షేరింగ్ సైట్‌లో మా ఎంబ్రాయిడరీ పుస్తకం కనిపించింది. చేతులు వణికాయి, తాళం తీసినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. తెరిచి చూస్తే పేజీలు వంకర, ఒక మూలన ఎవరిదో బొటనవేలు, మధ్యలో 8 పేజీలు లేవు. అది మా పీడీఎఫ్ కాదు, ఎవరో అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసింది. ఎన్నాళ్లుగా ఉందో! అంటే మేం డిజిటల్‌లోకి రాకముందే డిజిటల్ అయిపోయాం.

అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ అనే డిజిటల్ కాపీరైట్ చట్టం కింద తీసేయమని నోటీసు పంపొచ్చు. ఏ పుస్తకం, ఏ లింకు, మన చిరునామా, ఇది అనుమతి లేని కాపీ అని చిత్తశుద్ధితో నమ్ముతున్నామన్న మాట, సంతకం, ఇవి ఉండాలి. రాస్తూ రాస్తూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: హక్కుదారు తరఫున వ్యవహరించే అధికారం నాకుందని, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని. కాపీరైట్ రచయిత పేరు మీద ఉంది. ఆవిడ తరఫున నోటీసు ఇచ్చే అధికారం నాకు ఏ కాగితంలోనూ లేదు! మళ్లీ ఐదుగురి దగ్గరా ఒక పేజీ అధికార పత్రం తీసుకున్నాం, 6 రోజులు. నోటీసు పంపిన నాలుగో రోజు లింకు పోయింది. ఇంకో తొమ్మిది రోజులకు వేరే లింకు వచ్చింది. ఇప్పుడు నెలకోసారి, మొదటి ఆదివారం పొద్దున గంటసేపు వెతుకుతాను. రోజూ వెతికితే పిచ్చెక్కుతుంది.

జులైలో మాత్రం మా ఫైలే దొరికింది, ఒక మెసేజ్ గ్రూపులో. అడుగున పేరుతో సహా. రెండు రోజులు ఏం రాయాలో తోచలేదు. చివరికి, "మీ పేరున్న కాపీ ఒకటి ఫలానా చోట కనిపించింది, మీకు తెలుసా?" అని మాత్రమే అడిగాను. గంటలో ఫోన్ వచ్చింది, ఏడుపు గొంతుతో. చెల్లెలికి పంపారట, ఆవిడ గ్రూపులో పెట్టిందట. ఆ సాయంత్రానికి గ్రూపులోంచి తీయించారు. తర్వాత ఆ గ్రూపులోంచే ఐదుగురు కొన్నారు. వాళ్లలో ఎవరు ముందే డౌన్‌లోడ్ చేసుకున్నారో నాకు తెలియదు, అడగలేదు.

ఇక డబ్బు లెక్క. అమ్మిన రోజున డబ్బు రాదు. కిండిల్ నుంచి నెల ముగిశాక దాదాపు 60 రోజులకు వస్తుంది. అందుకని అందిన డబ్బు మీదే రాయల్టీ అని రాసుకున్నాం. ఏప్రిల్, మే అమ్మకాల పట్టీ ఆగస్టు 8న రచయితలకు పంపాను. మూడు రోజులు కూర్చుని చేశాను, గర్వంగా కూడా ఉంది. మర్నాడు పొద్దున్నే పిన్నిగారు.

"అమ్మాయ్, 14వ వరుస చూడు. మూడు పుస్తకాల కట్ట. మూడింటికీ సమంగా పంచావు. నా పుస్తకం వెల మిగతా రెండిటికీ కలిపి ఎంతో అంత కదా?"

చూశాను. నిజమే. ఒప్పందంలో నిష్పత్తి అని నేనే రాశాను, షీట్‌లో మూడుతో భాగించింది కూడా నేనే. ఆవిడకు సగం రావాల్సిన చోట మూడో వంతు వేశాను. అలాంటి కట్టలు 23 అమ్మాం. మిగతా ఇద్దరు రచయితలకు ఎక్కువ చూపించేశాను కాబట్టి వాళ్లకు ఫోన్ చేసి తగ్గుతుందని చెప్పడం ఇంకా కష్టమైంది. ఒకరు నవ్వేశారు, ఒకరు రెండు రోజులు మాట్లాడలేదు. ఆగస్టు 20న సరిచేసిన పట్టీతో డబ్బు పంపాం. మాకు మిగిలిన దాంతో ఫోటోలకు కట్టిన డబ్బు కూడా తిరిగి రాలేదు, అది వేరే సంగతి.

రెండో పట్టీ నవంబరు 12న పంపాను, జూన్ నుంచి ఆగస్టు దాకా అమ్మకాలది. ఈసారి వదిన చేత విడిగా ఒక లెక్క వేయించి, రెండూ కలిశాకే పంపాను. అయినా మర్నాడు ఫోన్ మోగేసరికి గుండె దడదడలాడింది. పిన్నిగారే.

"ఆగస్టు 3న ఒకటి అమ్మావా? పెద్ద పుస్తకం, మీ స్టోర్‌లోనే."

వెతికాను. 31వ వరుస. ఉంది. కొన్నవాళ్ల పేరు తెలియని పేరు.

"మా కోడలి పేరు మీద నేనే కొన్నాను, లెక్కలోకి వస్తుందో లేదో చూద్దామని. నా వాటా ఎంత వేశావు?"

చదివాను. అవతల కాగితం తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"సరే, కలిసింది. ఇంకో మాట, ఆ నలుపు తెలుపు చార్టులో గడులు ఇంకాస్త పెద్దవి చెయ్యి. నా చార్టు నాకే కనపడట్లేదు."